అత్తగారికి తెలియని మాత్ర... లివర్‌కి తెలుసు!

పెళ్ళిచూపుల్లో అమ్మాయిని అడగని ప్రశ్న ఉండదు. ఏం చదివావు, వంట వచ్చా, ఉద్యోగం చేస్తావా, పాట పాడతావా... అన్నీ అడుగుతారు. "రోజూ ఏవైనా మందులు వేసుకుంటావామ్మా?" అని మాత్రం ఎవరూ అడగరు. ఒకవేళ అడిగినా నిజం చెప్పే ధైర్యం ఆడపిల్ల తరపువాళ్ళకు ఉండదు. అవి ఫిట్స్ మాత్రలైతే సరేసరి!

నేను ఓ వైద్య కళాశాలలో ఇరవై ఏళ్ళకు పైగా ఫార్మకాలజీ చెబుతున్నాను. మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది, ఒళ్ళు ఆ మందుని ఏం చేస్తుంది అన్నదే ఆ పాఠం. నేను రోగుల్ని చూసే డాక్టర్ని కాదు. అయినా చుట్టాలూ, ఇరుగుపొరుగువాళ్ళూ మాత్రల అట్టలు పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. మగవాళ్ళు బీపీ మాత్రల గురించి హాల్లో కూర్చుని అడుగుతారు. ఆడవాళ్ళు మాత్రం వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. అలా గొంతు తగ్గించి అడిగేవాటిలో మూర్ఛ మాత్రలది మొదటి స్థానం.

ఆమధ్య మా వీధిలో ఉండే ఒకావిడ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయికి పెళ్ళయి ఎనిమిది నెలలు. తొమ్మిదో తరగతి నుంచి కార్బమజెపీన్ అనే ఫిట్స్ మందు వాడుతోంది. నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఈ సంగతి పెళ్ళప్పుడు ఎవరికీ చెప్పలేదు. విటమిన్ మాత్రల సీసా ఖాళీ చేసి, అందులో వీటిని పోసుకుని వేసుకుంటోంది. పిల్లలు అప్పుడే వద్దనుకున్నారు కాబట్టి అత్తగారి ఊళ్ళో లేడీ డాక్టర్ చేత కుటుంబ నియంత్రణ మాత్రలు రాయించుకుంది. ఒక్క రోజు కూడా మానలేదట. అయినా నెల తప్పింది!

"ఎక్కడో ఓ పూట మర్చిపోయి ఉంటుంది వదినగారూ, ఒప్పుకోదు గానీ" అన్నారు తల్లి.

"లేదు పిన్నిగారూ, క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకుని మరీ వేసుకున్నాను" అంది ఆ పిల్ల, కళ్ళనీళ్ళ పర్యంతమై.

"లేడీ డాక్టరుగారికి ఫిట్స్ మాత్రల సంగతి చెప్పావామ్మా?" అనడిగాను.

"ఎలా చెప్పను? అత్తయ్యగారు పక్కనే కూర్చున్నారు."

ఆ అమ్మాయి మాత్ర మరిచిపోలేదు. మాత్రలో నాణ్యత లోపమూ లేదు. ఒక మాత్ర సంగతి అందరి దగ్గరా దాచవచ్చు గానీ కాలేయం దగ్గర దాచలేం. మనం లివర్ అని పిలుచుకునే ఆ అవయవం తన లెక్క ప్రకారం తన పని చేసుకుపోయింది. ఆ లెక్కేమిటో ప్రతి ఇల్లాలికీ తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

తలకి వేసే మందుకి లివర్‌తో పనేమిటి?

చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఫిట్స్ వచ్చేది మెదడులో. మన మెదడులోని నరాల కణాలు చిన్న చిన్న విద్యుత్తు సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఆ సంకేతాలు అదుపు తప్పి, కొన్ని లక్షల కణాలు ఒకేసారి చెలరేగితే అదే మూర్ఛ. ఫినిటోయిన్, కార్బమజెపీన్ వంటి మందులు ఆ కణాల గోడల్లో సోడియం వెళ్ళే ద్వారాలను కాసేపు మూసి ఉంచుతాయి. దాంతో కణాలు మరీ వేగంగా చెలరేగలేవు. మెదడులో సహజంగానే శాంతపరిచే రసాయనం ఒకటుంది. దాని పేరు గాబా. మన పల్లెల్లో కూడా అందరికీ తెలిసిన పాత మందు గార్డినాల్, అంటే ఫినోబార్బిటోన్, ఆ గాబా బలాన్ని పెంచుతుంది.

బాగానే ఉంది. మరి లివర్ ఎందుకొచ్చింది మధ్యలో?

మెదడు చుట్టూ ఓ గట్టి కంచె ఉంటుంది. రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ అది లోపలికి రానివ్వదు. కొవ్వులో కరిగే గుణం, అంటే కాస్త జిడ్డు స్వభావం ఉన్న పదార్థాలు ఆ కంచెను తేలిగ్గా దాటతాయి. అందుకే మెదడు మీద పనిచేసే మందుల్లో చాలావాటికి ఆ జిడ్డు గుణం ఉంటుంది. అయితే అదే గుణం వల్ల అవి ఒంట్లోంచి ఓ పట్టాన బయటకు పోవు. మూత్రం అంటే నీళ్ళే కదా! నూనె గిన్నెను ఉత్త నీళ్ళతో తొలిస్తే జిడ్డు వదులుతుందా? సబ్బో, కుంకుడు రసమో కావాలి. మన ఒంట్లో ఆ సబ్బు పని చేసేది కాలేయం. జిడ్డు మందుని విరిచి, మార్చి, నీళ్ళలో కరిగేలా చేసి, మూత్రపిండాలకో, పైత్యరసానికో అప్పగిస్తుంది.

పెద్దవాళ్ళలో కాలేయం బరువు సుమారు కిలోన్నర. కడుపులోకీ పేగుల్లోకీ పోయిన ఆహారం, మందు, నాటు పసరు... ఏదైనా సరే, అక్కణ్ణుంచి రక్తంలోకి చేరగానే ముందు లివర్ గుమ్మం తొక్కాల్సిందే. ఆ తర్వాతే తలకైనా, కాలికైనా వెళ్ళేది.

ఈ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైన కుటుంబం పేరు సైటోక్రోమ్ పి-450. ఏదో యంత్రం పేరులా ఉంది కదూ! జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాటో 1960లలో పెట్టిన పేరిది. ప్రత్యేక పరిస్థితుల్లో కాంతిని 450 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకునే వర్ణకం కాబట్టి ఆ అంకె అలా ఉండిపోయింది. ఇది ఒక్క ఎంజైము కాదు. మనుషుల్లో యాభైకి పైగా రకాలున్నాయి. అందరి లివర్లలోనూ ఇవి ఒకే మోతాదులో ఉండవు. అందుకే పక్కింటావిడకు సరిపోయిన మోతాదు మనకు సరిపోవాలని లేదు.

పనివాళ్ళు పెరిగిన పెళ్ళిల్లు

పెళ్ళింట్లో వంటలు ఎక్కువైతే ఏం చేస్తాం? ఇంకో నలుగుర్ని పిలుస్తాం. లివర్ కూడా అంతే. ఫినోబార్బిటోన్, ఫినిటోయిన్, కార్బమజెపీన్ లాంటి మందులు రోజూ వస్తుంటే, వాటిని విరిచే ఎంజైముల్ని అది ఎక్కువగా తయారు చేసుకుంటుంది. రెండు మూడు వారాల్లో ఈ మార్పు బాగా కనిపిస్తుంది. కార్బమజెపీన్ అయితే మరీ విచిత్రం. తనను విరిచే ఎంజైముల్ని తానే పెంచుకుంటుంది. మొదట్లో సరిపోయిన మోతాదు కొన్ని వారాల తర్వాత చాలకపోవడానికి ఇదే కారణం. డాక్టరు మోతాదు పెంచితే "జబ్బు ముదిరిందేమో" అని కంగారుపడనక్కర్లేదు.

చిక్కంతా ఎక్కడంటే, అలా వచ్చిన కొత్త పనివాళ్ళు పిలిచిన పని ఒక్కటే చేసి ఊరుకోరు. కంటబడ్డ గిన్నెలన్నీ కడిగేస్తారు! కుటుంబ నియంత్రణ మాత్రల్లోని హార్మోన్లు కూడా అదే ఎంజైముల చేతిలో విరుగుతాయి. దాంతో రక్తంలో వాటి మోతాదు పడిపోతుంది. మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. మా వీధి అమ్మాయి విషయంలో జరిగింది ఇదే.

అత్యవసరంగా వేసుకునే 72 గంటల మాత్ర బలాన్నీ ఈ మందులు తగ్గిస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్‌దీ ఇదే తీరు. అది ఈ ఎంజైముల్ని మహా జోరుగా పెంచుతుంది. టీబీ మందులు వాడుతూ మాత్రల్ని నమ్ముకుని గర్భవతులైనవారి గురించి 1970ల నుంచీ వైద్య పత్రికలు రాస్తూనే ఉన్నాయి.

మరి ఈ మందులు వాడేవాళ్ళు పిల్లలు వద్దనుకుంటే ఏం చేయాలి? దారులున్నాయి. కాపర్-టీ పనిచేసేది గర్భసంచిలో. దానికి లివర్‌తో పని లేదు. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ కూడా ఫిట్స్ మందులతో బాగానే పనిచేస్తుంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'అంతర' పేరుతో 2017 నుంచి ఇస్తున్నది అదే. వీటిలో ఏది ఎవరికి నప్పుతుందో చెప్పాల్సింది డాక్టరు. అయితే ముందు మనం నోరు విప్పి సంగతి చెబితేనే కదా!

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. లామోట్రిజిన్ అనే మందు ఈ మధ్య ఆడపిల్లలకు ఎక్కువగా రాస్తున్నారు. దాని కథ పూర్తిగా తలకిందులు. ఇందులో దెబ్బ తినేది కుటుంబ నియంత్రణ మాత్ర కాదు, ఫిట్స్ మందే. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మొదలుపెడితే లామోట్రిజిన్ మోతాదు రక్తంలో సగానికి సగం పడిపోవచ్చు. ఏళ్ళ తరబడి రాని ఫిట్స్ అప్పుడు తిరిగి వస్తాయి. గర్భం వచ్చినా అది అలాగే పడిపోతుంది. అందుకే గర్భిణులకు ఈ మందు మోతాదు మధ్యమధ్యలో మార్చాల్సి వస్తుంది.

గిన్నెలు నిండిపోతే...

మన దేశంలో విరివిగా వాడే మరో మందు ఫినిటోయిన్. 1938లో అమెరికాలోని బోస్టన్‌లో మెరిట్, పట్నం అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వెలుగులోకి తెచ్చారు. అంతకుముందు మూర్ఛకు దొరికే మందులన్నీ మనిషిని మత్తులో ముంచేవి. ఇది అంతగా నిద్ర పట్టించకుండానే ఫిట్స్‌ని ఆపింది. ఎంతోమందిని బళ్ళకీ, ఉద్యోగాలకీ పంపిన మందు ఇది.

అయితే దీని లెక్క చాలా సున్నితం. దీన్ని విరిచే ఎంజైములు త్వరగా నిండిపోతాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు వేసుకునే మనిషి 400కి పెంచితే రక్తంలో మందు మూడో వంతే పెరుగుతుందనుకుంటాం. కానీ రెట్టింపు కావచ్చు, ఇంకా పైకీ పోవచ్చు. అప్పుడు నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. "ఈ నెల ఒకసారి ఫిట్స్ వచ్చింది కదా, ఇంకో అర బిళ్ళ వేద్దాం" అని ఇంట్లోవాళ్ళే మోతాదు పెంచడం ఎంత ప్రమాదమో చూడండి.

దీనికి టీబీ మందు తోడైతే చిక్కు ఇంకా పెరుగుతుంది. మన దేశంలో మెదడులో క్షయ గడ్డలు ఏర్పడి, వాటివల్ల ఫిట్స్ వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళకు రెండు రకాల మందులూ పడాల్సిందే. టీబీ మందుల్లో ఒకటైన ఐసోనయజిడ్ ఫినిటోయిన్‌ని విరిచే ఎంజైమును అడ్డుకుంటుంది. ఐసోనయజిడ్‌ని కొందరి కాలేయం చురుగ్గా మార్చేస్తుంది, కొందరిది నెమ్మదిగా. అది పుట్టుకతో వచ్చే గుణం. మన దేశంలో ఈ నెమ్మది రకం చాలా ఎక్కువ. వాళ్ళలో ఫినిటోయిన్ పేరుకుపోతుంది.

మా బంధువుల్లో ఒకావిడకు ఇలాగే జరిగింది. రెండు మందులూ మొదలైన మూడో వారానికి మంచం దిగితే పడిపోతోంది. "టీబీ మందులు వేడి చేశాయి, మజ్జిగ తాగించండి" అన్నారు ఒకరు. "గాలి సోకింది" అన్నారు ఇంకొకరు. ఆవిడ కోడలు మాత్రం రెండు చీటీలూ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. రక్తంలో ఫినిటోయిన్ చూస్తే ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉంది. మోతాదు తగ్గించగానే వారం పది రోజుల్లో లేచి తిరిగింది. రెండు చీటీలూ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళడం వల్లే ఆ అత్తగారు బతికి బట్టకట్టింది.

తిండికీ ఈ లెక్కలో వాటా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ కమలా కృష్ణస్వామి 1970లలోనే ఈ విషయం మీద పరిశోధనలు చేశారు. తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారావిడ. సరైన తిండి లేని శరీరం మందుల్ని నడిపించే తీరు వేరుగా ఉంటుందని అలాంటి పరిశోధనల వల్ల తెలిసింది. అందరికీ పెట్టి, మిగిలింది తినే మన ఆడవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

విషాన్ని విరిచే చోటే విషం పుడితే?

కాలేయం పని విషాల్ని విరవడం. కానీ ఒక్కోసారి మంచి మందుని విరిచే క్రమంలో అదే ఓ విషాన్ని పుట్టిస్తుంది. మనందరి ఇళ్ళల్లో ఉండే పారాసిటమాల్‌నే తీసుకోండి. దానిలో ఎక్కువ భాగం ఏ గొడవా లేకుండా బయటకు పోతుంది. కొద్ది భాగం మాత్రం ఘాటైన విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం వెంటనే దాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి మనకేమీ కాదు. మోతాదు మించితే ఆ రక్షకం నిల్వ అయిపోతుంది. అప్పుడు విషం లివర్ కణాల మీదే పడుతుంది. ఈ రహస్యం 1973లో అమెరికా శాస్త్రవేత్తల పరిశోధనల్లో బయటపడింది. పెద్దవాళ్ళు రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు ఎనిమిది, ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. జలుబు బిళ్ళల్లో, ఒళ్ళునొప్పుల బిళ్ళల్లో కూడా ఇదే మందు కలిసి ఉంటుందని మరవకండి. ఉపవాసాలున్నప్పుడు, ఒళ్ళు చిక్కి ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఫిట్స్ మందుల్లో ఇలా భయపెట్టేది వాల్‌ప్రోయేట్. ఇది దొరికిన తీరే తమాషాగా ఉంటుంది. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు ఏవో కొత్త పదార్థాల్ని కరిగించడానికి దీన్ని వట్టి ద్రావకంగా వాడారు. ఏ పదార్థం పరీక్షించినా ఫిట్స్ ఆగిపోతున్నాయి! సంగతేమిటా అని చూస్తే, పనిచేస్తున్నది ఆ ద్రావకమే! 1967లో ఫ్రాన్స్‌లో అది మందుగా బజారుకొచ్చింది. ఎన్నో రకాల మూర్ఛల్ని అదుపు చేసే గొప్ప మందు అది. అందులో సందేహం లేదు.

కానీ దీన్ని విరిచేటప్పుడు పుట్టే కొన్ని పదార్థాలు కొందరి కాలేయాన్ని ఘోరంగా దెబ్బ తీస్తాయి. అమెరికాలో 1978 నుంచి 1984 దాకా వాడినవారి లెక్కలు తీశారు. రెండేళ్ళలోపు పసివాళ్ళకు మిగతా ఫిట్స్ మందులతో కలిపి ఇచ్చినప్పుడు 500 మందిలో ఒకరు లివర్ చెడిపోయి చనిపోయారు. ఇదొక్కటే వాడినవాళ్ళలో మొత్తం మీద చూస్తే 37,000 మందికి ఒకరు మాత్రమే. మందు ఒకటే, కానీ ఎవరికి, దేనితో కలిపి ఇస్తున్నామన్నదాన్ని బట్టి ప్రమాదం అంత మారిపోయింది. మొదటి ఆరు నెలల్లో వాంతులు, ఆకలి లేకపోవడం, విపరీతమైన మగత, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్ళీ రావడం, కళ్ళు పచ్చబడడం... వీటిలో ఏది కనిపించినా "అజీర్తి చేసింది" అని వాము నీళ్ళు పట్టి కూర్చోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కడుపులో బిడ్డ సంగతి

వాల్‌ప్రోయేట్‌తో ఆడపిల్లలకు ఇంకో పెద్ద చిక్కు ఉంది. గర్భంతో ఉండగా ఇది వాడిన తల్లుల బిడ్డల్లో సుమారు నూటికి పదిమందికి వెన్నెముక సరిగా మూసుకోకపోవడం వంటి పుట్టుక లోపాలు వస్తాయి. మామూలుగా ఇవి నూటికి ఇద్దరు ముగ్గురికే ఉంటాయి. నూటికి 30 నుంచి 40 మంది పిల్లల్లో మాట, నడక, చదువు వెనకబడటం లాంటి ఇబ్బందులు కనిపించాయి.

ఈ సంగతి చాలామంది తల్లులకు ఎవరూ చెప్పలేదు. ఫ్రాన్స్‌లో మరీన్ మార్టిన్ అనే తల్లి ఈ మందు వాడుతూ ఇద్దరు బిడ్డల్ని కన్నది. ఇద్దరికీ సమస్యలు వచ్చాయి. కారణం తానే వెతికి తెలుసుకుని, తనలాంటి తల్లుల్ని కూడగట్టి 2011లో ఓ సంఘం పెట్టింది. ఆమె పోరాటం ఊరికే పోలేదు. 2016 చివర్లో ఫ్రాన్స్ పార్లమెంటు బాధిత కుటుంబాలకు పరిహారం ఇచ్చే ఏర్పాటు చేసింది. గర్భం రాకుండా తగిన ఏర్పాటు లేనిదే పిల్లల్ని కనే వయసు స్త్రీలకు ఈ మందు ఇవ్వకూడదని 2018లో యూరప్ దేశాల్లో గట్టి నియమాలు వచ్చాయి.

ఇది చదివి ఎవరూ ఈ రాత్రే మాత్రలు ఆపేయకండి, మీకు దండం పెడతాను! ఫిట్స్ మందు హఠాత్తుగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరి ప్రాణాల మీదికీ వస్తుంది. మందు మార్చాల్సి వస్తే గర్భం రాకముందే, డాక్టరు చేత, నెమ్మదిగా మార్పించుకోవాలి. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ వంటివి ఈ విషయంలో చాలా మేలు. లెవెటిరాసెటామ్‌లో మూడింట రెండు వంతులు మారకుండానే మూత్రంలో పోతుంది. దాంతో కాలేయానికీ శ్రమ తక్కువ. కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. "కొత్త కోడలికి నోరెక్కువ" అనుకునే ముందు ఆ సంగతీ ఆలోచించాలి.

అసలు మూర్ఛ ఉన్నవాళ్ళు పిల్లల్నే కనకూడదన్న మాట శుద్ధ తప్పు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేసి, వాళ్ళనూ పిల్లల్నీ కనిపెట్టి చూస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డల్నే కన్నారు. కావలసిందల్లా ముందుచూపు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్, ఐదో నెలలో వివరమైన స్కానింగ్, పుట్టిన బిడ్డకు విటమిన్-కె ఇంజెక్షన్. ఫిట్స్ మందు వాడుతున్నా చాలామంది తల్లులు బిడ్డకు పాలివ్వొచ్చు.

చట్టం మారింది, ఇళ్ళు మారాలి

దాచిపెట్టే అలవాటు ఊరికే రాలేదు. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, తరచూ మూర్ఛ వచ్చేవాళ్ళను పెళ్ళికి అనర్హుల కింద, మతిస్థిమితం లేనివారి సరసన చేర్చింది. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టంలోంచి తీసేసింది. ప్రపంచంలో సుమారు ఐదు కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సరిగ్గా మందులు వాడితే నూటికి 70 మందికి ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయని కూడా ఆ సంస్థే చెబుతోంది. షుగర్‌లాగా, బీపీలాగా ఇదీ ఓ జబ్బు. అంతే.

మా వీధి అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే. "ముందు నీ భర్తకు చెప్పు. ఇంట్లో కాదు, నరాల డాక్టరు ఎదురుగా చెప్పు" అన్నాను. అలాగే చేసింది. అతను రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు వచ్చి "ఫిట్స్ వస్తే నేనేం చెయ్యాలి?" అని అడిగాడట. అత్తగారు మాత్రం "ముందే చెప్పి ఉంటే చేసుకునేవాళ్ళం కాదు" అని మొహం మీదే అన్నారు. ఆ మాట ఆ పిల్లకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా ప్రతి నెలా చెకప్‌కి ఆవిడే తోడు వెళ్ళారు. కార్బమజెపీన్ ఆపకుండానే, నరాల డాక్టరూ లేడీ డాక్టరూ మాట్లాడుకుని చూసుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. మొన్న వాళ్ళింటికి వెళితే మాత్రల అట్ట ఫ్రిజ్ మీద, అందరికీ కనబడేలా ఉంది.

అందరికీ ఇలా సవ్యంగా జరుగుతుందని నేను చెప్పను. చెప్పినందుకు సంబంధాలు తప్పిపోయిన పిల్లలు నాకు తెలుసు. కానీ తప్పిపోయిన సంబంధం ఇంకొకటి వస్తుంది. దాచిన మాత్ర మీద ఇంకో మాత్ర పడితే జరిగే నష్టం మాత్రం ఆ ఆడపిల్ల ఒక్కతే మోయాలి.

గుర్తుంచుకోండి

* ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, రోజూ వేసుకునే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. అందరి ముందూ చెప్పలేకపోతే ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి. "ఒంటరిగా మాట్లాడాలి" అని అడిగే హక్కు మీకుంది.

* ఫిట్స్ మాత్ర మొదలైన మొదటి రెండు నెలల్లో దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్ళు వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. అవి ప్రాణాంతకమైన ఎలర్జీకి మొదటి గుర్తులు కావచ్చు. అందులో లివర్ కూడా దెబ్బ తినవచ్చు.

* పేరూ ఊరూ లేని మూర్ఛ పొడులు, పసర్లు వాడకండి. మూలికలన్న పేరుతో అమ్మిన పొట్లాల్లో ఫినోబార్బిటోన్, ఫినిటోయిన్ కలిసి ఉన్నట్టు మన దేశంలోనే పరీక్షల్లో బయటపడింది. ఎంత కలిపారో తెలియదు. ఆపేస్తే ఫిట్స్, వాడితే విషం.

* ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

* పెళ్ళి కుదిరిన ఆడపిల్ల ఫిట్స్ మందు వాడుతుంటే, నగల దుకాణానికి వెళ్ళేముందు ఒకసారి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ మందు ఉంచాలో, మార్చాలో తేల్చుకోవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.